‘నీ ఇష్టం’ అంటే ఎంత ఇష్టం? దంపతుల లైంగిక అభిరుచులను కొలిచే ప్రశ్నావళిలోని చిక్కులు

తెలుగులో ‘ఇష్టం’ చిన్న మాటే గానీ, దాని కింద కనీసం మూడు అర్థాలు కాపురం చేస్తున్నాయి. పెళ్లిచూపుల తర్వాత ‘అమ్మాయికి ఇష్టమేనా’ అని అడిగితే అది అంగీకారం గురించిన ప్రశ్న. ‘నాకు గుత్తివంకాయ ఇష్టం’ అంటే అది రుచి. ‘నీ ఇష్టం’ అని ఊరుకుంటే అది నిర్ణయాన్ని ఎదుటివారికి వదిలేయడం. అందులో ఒక్కోసారి ప్రేమ ఉంటుంది, ఒక్కోసారి విసుగు, ఒక్కోసారి చేసేదేమీ లేదన్న నిట్టూర్పు. భార్యాభర్తల లైంగిక అభిరుచులను కొలిచే ప్రశ్నావళి తయారు చేయడానికి కూర్చున్నవారికి మొదటి వాక్యంలోనే ఈ మాట అడ్డం పడుతుంది. ‘ఇది మీకు ఎంత ఇష్టం?’ అని రాసి, కింద ఒకటి నుంచి ఐదు వరకు అంకెలు వేస్తే పని పూర్తయినట్టే కనిపిస్తుంది. కానీ ఒక భార్య 4 దగ్గర టిక్కు పెట్టినప్పుడు ఆమె చెప్పింది తన రుచినా, తన సమ్మతినా, లేక భర్త రుచికి తాను అలవాటుపడ్డ సంగతినా అన్నది ఆ అంకెను చూసి ఎవరూ చెప్పలేరు.

ఒక మనిషి మనసులో ఉన్నదాన్ని కొలవడమే కష్టమైన పని. ఇక్కడ కొలవవలసింది ఇద్దరి మధ్య ఉన్నదాన్ని. ఈ వ్యాసం ఆ రెండో కష్టం గురించే.

ముందుగా, కొలవబోయేది ఏమిటో తేల్చుకోవాలి. లైంగిక జీవితం గురించిన కొలమానాలకు కొదవ లేదు. పురుషుల అంగస్తంభన సమస్యలకు 1997లో వచ్చిన 15 ప్రశ్నల సూచిక, స్త్రీల లైంగిక ఆరోగ్యానికి 2000లో వచ్చిన 19 ప్రశ్నల సూచిక నేటికీ ఆస్పత్రుల్లోనూ ఔషధ పరీక్షల్లోనూ వాడుకలో ఉన్నాయి. అవి శరీరం ఎలా పనిచేస్తోందో ప్రధానంగా అడుగుతాయి. స్పెక్టర్, కేరీ, స్టైన్‌బర్గ్ 1996లో ప్రచురించిన 14 ప్రశ్నల పట్టిక కోరిక ఎంత ఉందో అడుగుతుంది. జీవిత భాగస్వామి పట్ల కలిగే కోరికను, ఒంటరిగా ఉన్నప్పుడు కలిగే కోరికను వేరువేరుగా లెక్కిస్తుంది. బ్రిటన్‌లో జాన్ రస్ట్, సుసాన్ గొలంబాక్ 1980ల మధ్యలో రూపొందించిన ప్రశ్నావళిలో పురుషులకు 28, స్త్రీలకు 28 ప్రశ్నలు ఉన్నాయి; కలయిక ఎంత అరుదుగా జరుగుతోంది, ఒకరికొకరు ఎంత చెప్పుకోగలుగుతున్నారు, ఎంత తప్పించుకు తిరుగుతున్నారు వంటివి అందులో విడివిడి విభాగాలు. వీటిలో ఏదీ అభిరుచిని నేరుగా కొలవదు. శరీరం సక్రమంగా పనిచేస్తూ, కోరిక నిండుగా ఉండి కూడా, జరుగుతున్న తీరు నచ్చనివారు ఉంటారు. కోరిక తక్కువగా ఉన్నా, కలిసినప్పుడు ఎలా ఉండాలన్న విషయంలో స్పష్టమైన అభిప్రాయం ఉన్నవారూ ఉంటారు. ఆకలి, జీర్ణశక్తి, రుచి మూడూ వేరైనట్టే ఇవీ వేరు.

అభిరుచికి దగ్గరగా వచ్చిన పాత ప్రయత్నాల్లో నాకు అన్నిటికంటే తెలివైనదిగా కనిపించేది 1974లో అమెరికాలో లోపికోలో, స్టెగర్ ప్రచురించిన పట్టిక. వారు 17 రకాల సాన్నిహిత్య చర్యలను ఎంచుకుని, ఒక్కొక్కదాని గురించి ఆరు ప్రశ్నలు వేశారు. ఇది మీ మధ్య ఎంత తరచుగా జరుగుతోంది? ఎంత తరచుగా జరగాలని మీరు కోరుకుంటారు? ఇది మీకు ఎంత సుఖంగా ఉంది? మీ భాగస్వామికి ఎంత సుఖంగా ఉందని మీరు అనుకుంటున్నారు? ఇది మీకు ఎలా అనిపించాలని మీరు కోరుకుంటారు? మీ భాగస్వామికి ఎలా అనిపించాలని కోరుకుంటారు? పదిహేడు ఆర్లు నూట రెండు ప్రశ్నలు. భార్య విడిగా, భర్త విడిగా రాయాలి. ఇందులోని అసలు సూక్ష్మం ప్రశ్నల్లో కాదు, ప్రశ్నల మధ్య దూరాల్లో ఉంది. మొదటి రెండు జవాబుల మధ్య దూరం అసంతృప్తిని చూపుతుంది. మూడో జవాబుకీ ఐదో జవాబుకీ మధ్య దూరం తన మీద తనకున్న ఫిర్యాదును చూపుతుంది. భార్య రాసిన నాలుగో జవాబును భర్త రాసిన మూడో జవాబు పక్కన పెడితే, అతని సుఖం గురించి ఆమెకు ఎంత తెలుసో బయటపడుతుంది. ఒకే కాగితం మీద ‘నాకు నచ్చేది’, ‘నీకు నచ్చుతుందని నేననుకునేది’, ‘మన మధ్య జరిగేది’ అనే మూడు సంగతులను విడదీయాలన్న ఆలోచన అక్కడ స్పష్టంగా ఉంది. ఆ తర్వాతి వారిలో చాలామంది ప్రశ్నల సంఖ్య తగ్గించే తొందరలో ఈ విభజనను పోగొట్టుకున్నారు.

ఒక్క వాక్యం ఎన్నిసార్లు తిరగరాయాలి

ప్రశ్నలు ఎక్కడి నుంచి వస్తాయన్నది తర్వాతి సంగతి. పద్ధతి ప్రకారం ముందు కొందరు దంపతులతో, భార్యతో ఒకసారి, భర్తతో ఒకసారి, తాపీగా మాట్లాడాలి. వారి నోటి నుంచి వచ్చిన మాటలనే ప్రశ్నలుగా మలచాలి. తర్వాత వైద్యులు, మనస్తత్వ నిపుణులు, సామాజిక కార్యకర్తలు చూసి అవసరం లేనివి తీసేయాలి. ఆపైన కొద్దిమందికి ఇచ్చి, ‘ఈ ప్రశ్న చదివినప్పుడు మీకేం అర్థమైంది?’ అని అడగాలి. చాలామంది పరిశోధకులు ఈ చివరి మెట్టును మొక్కుబడిగా ముగించి నేరుగా గణాంకాల్లోకి వెళ్లిపోతారు. తెలుగులో మాత్రం ఆ మెట్టు మీదే సగం సమయం గడపాలి.

ఉదాహరణకు ఇంగ్లీషు కొలమానాల్లో తరచుగా కనిపించే ఒక భావాన్ని తీసుకుందాం: కలయికకు మొదట ఎవరు పూనుకోవాలన్నది. నిఘంటువు పట్టుకుని తెలుగు చేస్తే ‘నా భాగస్వామి లైంగిక చర్యను ప్రారంభించడాన్ని నేను ఇష్టపడతాను’ అని వస్తుంది. వ్యాకరణం తప్పు కాదు, కానీ ఇది శంకుస్థాపన వార్తలా ఉంది. అనువాదాన్ని సరిచూడటానికి 1970లో బ్రిస్లిన్ ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతి ఒకటుంది: తెలుగు చేసినదాన్ని, మూలం చూడని మరొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి, రెండూ పోల్చాలి. పై వాక్యం ఆ పరీక్షలో నూటికి నూరు మార్కులతో నెగ్గుతుంది. ఆ పద్ధతి అర్థం చెడిందో లేదో చెబుతుంది గానీ, ఆ మాట విన్న మనిషికి ఎలా ఉంటుందో చెప్పదు.

రెండో ప్రయత్నం: ‘మా ఆయన చొరవ తీసుకుంటే నాకు ఇష్టం.’ ‘భాగస్వామి’ అనగానే వ్యాపారం గుర్తొచ్చే ఇబ్బంది తీరింది. కానీ ఇప్పుడు ‘చొరవ’ పేచీ పెడుతుంది. మగవాడి చొరవ మెచ్చుకోలు. ఆడదానికి చొరవ ఎక్కువ అంటే అది మెచ్చుకోలు కాదని తెలుగు ఇళ్లలో పెరిగిన ఎవరికైనా తెలుసు. ఇదే ప్రశ్నను తిప్పి భర్తకు ‘మా ఆవిడ చొరవ తీసుకుంటే నాకు ఇష్టం’ అని ఇస్తే, రెండు కాగితాల మీదా ఒకే మాట ఉన్నా ఇద్దరూ జవాబిచ్చింది రెండు వేర్వేరు ప్రశ్నలకు. ఒకే కొలబద్దతో ఇద్దరినీ కొలుస్తున్నామా లేదా అని పరీక్షించే గణాంక పద్ధతులు ఉన్నాయి. అవి ఇలాంటి ప్రశ్నను పట్టుకుని బయట పెడతాయి. కానీ ఎందుకు చెడిందో చెప్పవు. అది భాష తెలిసినవాడే చెప్పాలి.

మూడో ప్రయత్నం: ‘తనంతట తానే మొదట నా దగ్గరికి వస్తే నాకు ఇష్టం.’ ఇది మాట్లాడే తెలుగు, స్త్రీపురుషులకు ఒకేలా వర్తిస్తుంది, ‘తను’ అన్న సర్వనామం గౌరవానికీ లింగానికీ సంబంధించిన తలనొప్పిని తప్పిస్తుంది. కానీ ‘దగ్గరికి రావడం’ అంటే కొందరికి పక్కన వచ్చి కూర్చోవడం, కొందరికి కలయిక. కాబట్టి ఈ మాటను ఏ అర్థంలో వాడుతున్నామో ప్రశ్నావళి మొదట్లోనే ఒక్కసారి, మెలికలు లేకుండా చెప్పాలి. అక్కడ మాత్రం ‘శారీరకంగా కలవడం’ అనో, ‘సెక్స్’ అనో నేరుగా రాయడమే మంచిది. ‘సంభోగం’, ‘రతి’ పుస్తకాల్లో బాగుంటాయి. బూతు మాటలు నేరుగానే ఉంటాయి గానీ కాగితం మీద చూడగానే మనిషి ముడుచుకుపోతాడు. ‘ఆ విషయం’, ‘అది’ వంటివి ఎంత మర్యాదగా ఉంటాయో అంత అస్పష్టంగా ఉంటాయి. పత్రికల్లో పాఠకుల లైంగిక సందేహాలకు దశాబ్దాలుగా జవాబులు రాసిన విజయవాడ వైద్యుడు డాక్టర్ జి. సమరం వంటివారు వాడిన భాష ఇక్కడ పనికొస్తుంది. వైద్య పదాన్నీ, వాడుక మాటనూ, ఇంగ్లీషు మాటనూ సిగ్గుపడకుండా కలిపి, పల్లెలో చదివేవారికి కూడా అర్థమయ్యేలా చెప్పే ఒరవడి అది.

జవాబుల దగ్గర కూడా ఇలాంటి గుంతలే ఉన్నాయి. ఐదు మెట్ల కొలమానంలో నడిమి మెట్టుకు ‘ఫర్వాలేదు’ అని రాయడం మనవాళ్లకు అలవాటు. నడిమి మెట్టు అంటే అటూ కాదు ఇటూ కాదు అని పరిశోధకుడి ఉద్దేశం. తెలుగులో ‘ఫర్వాలేదు’ అంటే సర్దుకుపోతాను, ఇబ్బంది లేదు, బాగానే ఉంది అనే మూడూ. భోజనం ఎలా ఉందంటే ‘ఫర్వాలేదు’ అన్న అల్లుడి మనసులో ఏముందో అత్తగారికి తెలిసినంతగా గణాంకవేత్తకు తెలియదు. అందుకని నడిమి మెట్టుకు ‘ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు’ అని నిండుగా రాయాలి. దానికి తోడు, మెట్ల వరసకు బయట మూడు గళ్లు విడిగా ఉండాలి: ‘ఇది మాకు అలవాటు లేదు’, ‘దీని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు’, ‘జవాబు చెప్పదలచుకోలేదు’. ఈ మూడింటినీ ఖాళీలుగా లెక్కగట్టి సగటుతో పూడ్చేస్తే, ప్రశ్నావళిలో అన్నిటికంటే విలువైన సమాచారం పోతుంది. ఆలోచించనిదానికీ, ఆలోచించి చెప్పదలచుకోనిదానికీ మధ్య ఉన్న తేడాలో ఒక్కోసారి ఒక పెళ్లి మొత్తం ఇరుక్కుని ఉంటుంది.

వ్యతిరేకార్థంలో రాసే ప్రశ్నల సంగతి మరీ విచిత్రం. అన్నిటికీ కళ్లు మూసుకుని ‘అవును’ అనేవారిని పట్టుకోవడానికి కొన్ని ప్రశ్నలను తలకిందులుగా రాయాలని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. తెలుగులో వ్యతిరేకం వాక్యం చివర వస్తుంది. పైగా ‘మీకు ఇష్టం ఉండదా?’ అంటే ‘అవును’ అన్నది ‘అవును, ఉండదు’ కావచ్చు. ‘ఉండకేం, ఉంటుంది’ అన్న ఉద్దేశంతో తల ఊపడమూ కావచ్చు. ఇలాంటి ప్రశ్నలు జవాబుదారుల అజాగ్రత్తను కాక మన వాక్యనిర్మాణాన్ని కొలుస్తాయి. వాటిని వాడకపోవడమే మేలని నా అభిప్రాయం.

అభిరుచిని వీలు నుంచి వేరు చేయడమూ భాషతోనే చేయాలి. రెండు గదుల ఇంట్లో అత్తమామలతో, పిల్లలతో ఉండే జంటను ‘తెల్లవారుజామున కలవడం మీకు ఎంత ఇష్టం?’ అని అడిగితే, వచ్చే జవాబు ఇష్టం గురించి కాదు, గోడ మందం గురించి. ‘ఇంట్లో ఏ ఇబ్బందీ లేకపోతే’ అని ముందు చేరిస్తే కొంత నయం. కానీ ఎన్నడూ లేని స్వేచ్ఛను ఊహించుకుని జవాబు చెప్పమనడం కూడా ఒక రకంగా కథ చెప్పమనడమే. అందుకే ‘ఇష్టం’, ‘జరుగుతున్నది’ అనే రెండు వరసలతో పాటు, ‘అడ్డు ఏమిటి’ అన్న మూడో వరస ఉంటే, దంపతులకు ఒకరితో ఒకరికి ఉన్న సమస్య ఏది, ఇంటితోనూ పని వేళలతోనూ ఉన్న సమస్య ఏది అన్నది విడిపోతుంది.

ఎవరు అడుగుతున్నారు, ఎవరు వింటున్నారు

ఆల్ఫ్రెడ్ కిన్సీ కందిరీగ జాతి పురుగుల మీద పరిశోధన చేసిన జంతుశాస్త్రవేత్త. ఇండియానా విశ్వవిద్యాలయం నుంచి ఆయన బృందం 1948లో పురుషుల లైంగిక జీవితం గురించి, 1953లో స్త్రీల లైంగిక జీవితం గురించి వెలువరించిన నివేదికలకు ఆధారం ప్రశ్నాపత్రాలు కావు, ముఖాముఖి సంభాషణలు. జవాబులను బయటివారు చదవలేని సంకేతాల్లో రాసుకునేవారు. ‘మీరు ఎప్పుడైనా ఇలా చేశారా?’ అని కాకుండా ‘మొదటిసారి ఎప్పుడు చేశారు?’ అని అడిగేవారు. లేదని చెప్పే భారాన్ని జవాబుదారు మీద పెట్టడం ఆ కిటుకు. భార్యను, భర్తను విడివిడిగా అడిగి ఇద్దరి జవాబులను పోల్చే పని కూడా ఆయన చేశాడు. కానీ ఆయన నమూనా స్వచ్ఛందంగా ముందుకొచ్చిన వారిది. దాని ఆధారంగా దేశం మొత్తం గురించి మాట్లాడటాన్ని కాక్రన్, మాస్టెలర్, ట్యూకీ వంటి గణాంకవేత్తలు 1954లోనే తప్పుపట్టారు.

ఆ లోటును పూడ్చే ప్రయత్నాలు రాజకీయాల్లో చిక్కుకున్నాయి. బ్రిటన్ జాతీయ లైంగిక సర్వేకు డబ్బు ఇవ్వడానికి 1989లో థాచర్ ప్రభుత్వం నిరాకరిస్తే, వెల్‌కమ్ ట్రస్టు సాయంతో 1990-91లో దాదాపు 19,000 మందిని అడిగారు. అమెరికాలోనూ ప్రభుత్వ నిధులు ఆగిపోవడంతో, షికాగో పరిశోధకులు ప్రైవేటు సంస్థల సాయంతో 1992లో 3,432 మందితో సర్వే చేశారు. సున్నితమైన కొన్ని ప్రశ్నలను నోటితో అడగకుండా, కాగితం మీద రాయించి కవరులో అంటించి తీసుకున్నారు. మనిషికి బదులు హెడ్‌ఫోన్‌లో రికార్డు చేసిన గొంతు ప్రశ్న చదివితే, జవాబును మీట నొక్కి చెప్పే పద్ధతి తర్వాత వచ్చింది. అమెరికాలో 15-19 ఏళ్ల అబ్బాయిలపై 1995లో జరిపిన సర్వేలో, తోటి అబ్బాయిలతో లైంగిక అనుభవం ఉందని కాగితం మీద రాసినవారు 1.5 శాతమైతే, హెడ్‌ఫోన్ పద్ధతిలో చెప్పినవారు 5.5 శాతం. ప్రశ్న ఒకటే, వినేవారు మారారు. చదువు రానివారిని కూడా కలుపుకోవలసిన మన దగ్గర ఈ పద్ధతికి మరింత విలువ ఉంది.

ఇద్దరినీ అడిగినప్పుడు ‘వినేవారు’ అంటే సర్వే చేసే మనిషి ఒక్కరే కాదు. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గృహహింస భాగాన్ని ఇంటికి ఒక్క స్త్రీనే, అదీ ఏకాంతం దొరికితేనే అడగాలన్న నియమం ఉంది. ఆమె ఏం చెప్పిందో ఇంట్లో మరొకరు పసిగడితే ప్రమాదం కాబట్టి. దంపతుల ప్రశ్నావళికి ఈ వెసులుబాటు లేదు. భర్తకూ ఇవే ప్రశ్నలు వెళ్లాయని భార్యకు తెలుసు, భార్యకు వెళ్లాయని భర్తకు తెలుసు. ‘నువ్వేం రాశావ్?’ అన్న ప్రశ్న ఆ రాత్రే వస్తుంది. ఇద్దరినీ ఒకే సమయంలో వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి రాయించడం, పేర్లు లేకుండా జంట సంఖ్య మాత్రమే వేయడం, ఒకరి జవాబులు మరొకరికి ఏ పరిస్థితిలోనూ చూపబోమని ముందే చెప్పడం కనీస జాగ్రత్తలు. ఇవన్నీ చేసినా ఒక వక్రత మిగులుతుంది: ఇలాంటి సర్వేకు ఇద్దరూ కలిసి ఒప్పుకోవాలంటే, ఆ ఇద్దరూ ఈ సంగతులు ఎంతో కొంత మాట్లాడుకోగలిగినవారై ఉండాలి. మాట్లాడుకోలేని జంటలు, అంటే ప్రశ్నావళి అవసరం ఎక్కువగా ఉన్నవారు, గుమ్మంలోనే ఆగిపోతారు.

ఇక్కడ ఒక పాత సంగతి గుర్తొస్తుంది. వాత్స్యాయనుడి కామసూత్రాల్లో ఏ ప్రాంతపు స్త్రీలకు ఏది ఇష్టమో ప్రాంతాలవారీగా చెప్పిన సూత్రాలున్నాయి. ఆంధ్ర స్త్రీల గురించీ ఒక సూత్రం ఉంది, అది వారిని మెచ్చుకునేలా ఏమీ లేదు. ఆ మాట ఏ స్త్రీని అడిగి రాశారన్నది మాత్రం ఆ సూత్రంలో లేదు.

రెండు కాగితాలు పక్కపక్కన పెడితే

జవాబులు చేతికొచ్చాక లెక్కల పని. ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి పొందికగా ఉన్నాయా అని చూడటానికి 1951 నుంచి ‘క్రోన్‌బాక్ ఆల్ఫా’ అనే అంకెను వాడుతున్నారు, అది 0.7 దాటితే చాలు అనుకోవడం ఆచారమైపోయింది. అభిరుచుల విషయంలో ఆ ఆచారం తప్పుదోవ పట్టిస్తుంది. పులుపు ఇష్టమైనవాడికి కారం కూడా ఇష్టం కావాలని లేదు. వెలుతురులో కలవడం నచ్చినవారికి మాటలు చెప్పుకోవడం నచ్చాలని లేదు. ఆల్ఫా పెంచడానికి ఒకే ప్రశ్నను నాలుగు రకాలుగా తిప్పి రాస్తే అంకె పెరుగుతుంది, సమాచారం తగ్గుతుంది. రెండు వారాల తర్వాత అదే ప్రశ్నావళి మళ్లీ ఇచ్చినప్పుడు జవాబులు నిలబడుతున్నాయా అన్నది ఇక్కడ మెరుగైన విశ్వసనీయత పరీక్ష. అది కూడా ప్రసవం, అనారోగ్యం, కోరికను తగ్గించే కొన్ని రకాల డిప్రెషన్ మందులు వంటివి మధ్యలో రాలేదని చూసుకున్న తర్వాతే.

అసలు చిక్కు ‘వీరిద్దరి అభిరుచులు ఎంత కలిశాయి?’ అన్న ప్రశ్నలో ఉంది. అందరికీ మొదట తట్టే ఉపాయం తేడాలు కూడటం. ఊహాజనితమైన రెండు జంటలను చూద్దాం. ఐదు అంశాలు: తను మొదట దగ్గరికి రావడం, మాటలు చెప్పుకోవడం, దీపం వెలుగుతూ ఉండటం, ముందు ఎక్కువసేపు లాలన, వేకువ వేళ. ఇద్దరు భార్యలూ వరసగా 5, 4, 2, 5, 3 అని రాశారు. మొదటి భర్త 4, 3, 1, 4, 2 అని రాశాడు. రెండో భర్త 5, 4, 2, 1, 2 అని రాశాడు. తేడాలు కూడితే రెండు జంటలకూ 5 వస్తుంది. కానీ మొదటి జంటలో ఇద్దరికీ ఏది ఎక్కువ ఇష్టం, ఏది తక్కువ ఇష్టం అన్న వరస అచ్చంగా ఒకటే. అతను ప్రతిదానికీ ఒక మెట్టు తక్కువ వేసే మనిషి, అంతే. రెండో జంటలో మూడు అంశాల్లో తేడాయే లేదు. లాలన దగ్గర మాత్రం ఒకరు ఈ చివర, మరొకరు ఆ చివర. ఆ భార్య ఏళ్ల తరబడి మోస్తున్న అసంతృప్తి ఆ ఒక్క గడిలో ఉండవచ్చు. ‘5’ అన్న మొత్తం దాన్ని దాచేసింది. ఇంకో సంగతి: ఇద్దరూ అన్నిటికీ 1 వేసినా తేడా సున్నాయే, ఇద్దరూ అన్నిటికీ 5 వేసినా సున్నాయే. తేడాల మొత్తానికి ఆ రెండు కాపురాలూ ఒకటే.

వరస పోలికను చూపే సహసంబంధాన్ని లెక్కిస్తే సరిపోతుంది కదా అనిపించవచ్చు. దానికీ ఒక బోను ఉంది. కొన్ని అంశాలు దాదాపు అందరికీ ఇష్టం, కొన్ని దాదాపు ఎవరికీ ఇష్టం ఉండవు. కాబట్టి రాజమండ్రి భార్య జవాబుల పక్కన, ఆమె ఎన్నడూ చూడని కరీంనగర్ భర్త జవాబులు పెట్టినా ఎంతో కొంత పోలిక కనిపిస్తుంది. అది ఆ దంపతుల పోలిక కాదు, మనుషులందరి పోలిక. పైన చెప్పిన ఆల్ఫాకు పేరిచ్చిన క్రోన్‌బాక్ 1955లోనే ఈ ప్రమాదం గురించి హెచ్చరించాడు. దీనికి విరుగుడు, ప్రతి అంశానికీ అందరి సగటును ముందు తీసేసి, మిగిలినదాన్ని మాత్రమే పోల్చడం. లేదా దంపతులను కంప్యూటరులో చెల్లాచెదురు చేసి ఉత్తుత్తి జంటలు కట్టి, అసలు జంటల పోలిక వాటికంటే ఎంత ఎక్కువ ఉందో చూడటం. ఈ పని చేయకుండా ‘దంపతుల అభిరుచులు 80 శాతం కలుస్తాయి’ వంటి మాట ఎవరైనా చెబితే నమ్మనవసరం లేదు.

ఎదుటివారి మనసును ఎంత సరిగ్గా ఊహిస్తున్నామన్నదానికీ ఇదే వర్తిస్తుంది. కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ విశ్వవిద్యాలయానికి చెందిన మిల్లర్, బయర్స్ 152 జంటలను విడివిడిగా అడిగి 2004లో ఒక ఫలితం ప్రచురించారు. ముందస్తు లాలన ఎంతసేపు ఉండాలన్న విషయంలో స్త్రీపురుషుల కోరిక దాదాపు ఒకటే అని తేలింది. కానీ భర్త లేదా మగ భాగస్వామి ఎంతసేపు కోరుకుంటున్నాడో స్త్రీలు తక్కువగా ఊహించారు. ఊహలు ఎక్కడి నుంచి వచ్చాయన్నది ఇంకా ఆసక్తికరం: పక్కనున్న మనిషి చెప్పినదానికంటే, ‘మగవాళ్లంతా ఇంతే’, ‘ఆడవాళ్లంతా ఇంతే’ అన్న తమ ముందస్తు నమ్మకానికే ఆ ఊహలు దగ్గరగా ఉన్నాయి. ఎమీ మ్యూజ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 2016లో వెలువరించిన అధ్యయనంలో, దీర్ఘకాలంగా కలిసి ఉన్న జంటల్లో పురుషులు తమ భాగస్వామి కోరికను ఉన్నదానికంటే తక్కువగా అంచనా వేసే ధోరణి కనిపించింది. ఆడవారి మనసును మగవారు ఎక్కువ చేసి చదువుకుంటారన్న వాడుక మాట, కొత్త పరిచయాల్లో ఎలా ఉన్నా, పాత కాపురాల్లో నిలబడలేదన్నమాట. తన అభిరుచి ఒక్కటే అడిగి, ఎదుటివారి అభిరుచి మీద తన అంచనా అడగని ప్రశ్నావళికి ఈ సంగతులేవీ దొరికేవి కావు.

లెక్కల్లో మరో జాగ్రత్త. రెండు వందల జంటలంటే నాలుగు వందల మంది విడివిడి మనుషులు కాదు. ఒకే మంచం మీది ఇద్దరి జవాబులు ఒకదాన్ని ఒకటి లాగుతాయి. డేవిడ్ కెన్నీ వంటివారు స్థిరపరచిన దంపతుల విశ్లేషణ నమూనాలు, నా అభిరుచి నా తృప్తిని ఎంత ప్రభావితం చేస్తోంది, నీ తృప్తిని ఎంత చేస్తోంది అన్నవాటిని విడదీస్తాయి. స్త్రీపురుష జంటల్లో ఎవరు ‘మొదటివారు’, ఎవరు ‘రెండోవారు’ అన్నది సులువు. ఇద్దరు స్త్రీలో ఇద్దరు పురుషులో ఉన్న జంటలో ఆ పేర్లు పెట్టడానికి ఆధారం ఉండదు కాబట్టి లెక్క వేరేలా కట్టాలి. పాత ప్రశ్నావళుల్లో చాలావాటికి ఆ ఆలోచనే లేదు.

చివరిగా, తయారైన ప్రశ్నావళిని కౌన్సెలింగ్‌లో వాడితే ఏమవుతుందన్నది. అందరూ మెచ్చుకునే పద్ధతి ఒకటుంది: ఇద్దరూ విడివిడిగా ‘సరే’, ‘చూద్దాం’, ‘వద్దు’ అని గుర్తులు పెడతారు, ఇద్దరూ ‘సరే’ లేదా ‘చూద్దాం’ అన్నవే ఇద్దరికీ చూపుతారు, మిగతావి ఎవరికీ తెలియవు. గుట్టు దక్కినట్టే ఉంటుంది. కానీ ఒక అంశానికి నేను ‘సరే’ అని రాశాను, అది ఉమ్మడి జాబితాలో లేదు. అంటే ఏమిటి? తను ‘వద్దు’ అని రాసినట్టే. చూపించకపోవడమే చూపించడమైంది. మంచి సంబంధంలో దీనివల్ల నష్టం లేకపోవచ్చు, కాస్త నవ్వుకుని వదిలేస్తారు. ఒత్తిడి, భయం ఉన్న ఇంట్లో మాత్రం ఆ ‘వద్దు’ రాసినవారు దానికి సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. కొన్ని ఉమ్మడి అంశాలను కూడా యాదృచ్ఛికంగా దాచిపెడితే, లేకపోవడానికి అర్థం ‘వద్దు’ ఒక్కటే కాకుండా పోతుంది. అంతకంటే ముందు, బలవంతం ఉందేమో విడిగా తెలుసుకునే ప్రశ్నలు రెండు మూడు ఉండాలి. వాటి జవాబు అవునని వస్తే ఉమ్మడి జాబితా అన్న ఊసే ఎత్తకూడదు.

‘ఆయన ఇష్టమే నా ఇష్టం’ అన్న జవాబు సంగతి మిగిలి ఉంది. మెట్ల కొలమానంలో దానికి చోటు లేదు కాబట్టి, అలా అనుకునే స్త్రీ, కొన్నిసార్లు పురుషుడు కూడా, భర్త లేదా భార్య వేస్తారనుకున్న అంకెనే తామూ వేస్తారు. అప్పుడు లెక్కల్లో ఆ జంట అద్భుతంగా కలిసినట్టు కనిపిస్తుంది. అందుకని ప్రతి అంశం పక్కనా ‘తనకు ఏది నచ్చితే నాకు అదే’ అన్న గడి ఒకటి పెట్టి, దాన్ని ఎంచుకున్నవారిని మాత్రం మరో ప్రశ్న అడగాలి: ‘తను ఊళ్లో లేనప్పుడు ఈ సంగతి తలచుకుంటే, మీకు ఏం అనిపిస్తుంది?’ అక్కడ అంకెలు ఉండకూడదు. రెండు గీతలు, ఒక పెన్ను చాలు.